కాల్పుల మధ్య సైనిక వైద్యులు నిజంగా తెగువ చూపిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1895 నాటి చిత్రాల్ ఒక్కటి చాలు.

చిత్రాల్ ఇప్పుడు పాకిస్తాన్ ఉత్తరపు కొసన, హిందూకుష్ కొండల్లో ఉంది. అక్కడి గద్దె తగాదాలో బ్రిటిష్ వాళ్ళు తలదూర్చారు. మార్చి 3న కోటలోంచి బయటికొచ్చిన బ్రిటిష్ దళం గట్టి దెబ్బ తింది. కోటకు మైలున్నర దూరంలో, మిట్ట మీద, కెప్టెన్ బెయిర్డ్ తూటా తగిలి పడిపోయాడు. చీకటి పడింది, శత్రువులు వరస ఛేదించుకుని వచ్చేశారు. అంతటిలో ఆయన దగ్గరికి వెళ్ళింది ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన 28 ఏళ్ళ సర్జన్ కెప్టెన్ విట్‌చర్చ్. తోడు కొద్దిమంది గూర్ఖాలు, కశ్మీర్ రైఫిల్స్ సిపాయిలు, అంతే.

బెయిర్డ్‌ను డోలీలో వేశారు. మన ఏజెన్సీ గూడేల్లో రోడ్డు లేక గర్భిణులను ఇప్పటికీ మోసుకొస్తున్న డోలీయే, సైన్యంలో కాస్త పెద్దది. ఒక్కో డోలీకి ఆరుగురు బోయీలు కావాలి. నలుగురు మోస్తుంటే ఇద్దరు భుజం మార్చుకోవడానికి నడుస్తారు. మోసేవాడు భుజం బొంగు కింద పెట్టి తుపాకీ పేల్చలేడు. ఒక్కడు కూలితే ఆ వైపు వాలిపోయి లోపలి మనిషి దొర్లిపోతాడు. అయినా గూర్ఖాలు డోలీ వదల్లేదు. ముగ్గురు చనిపోయారు, నాలుగోవాడు తీవ్రంగా గాయపడ్డాడు. అప్పుడు డాక్టరే బెయిర్డ్‌ను వీపున వేసుకున్నాడు.

దారి పొడుగునా గోడల చాటునుంచి కాలుస్తూనే ఉన్నారు. వీపు మీద మనిషితో ఆ గోడల మీదికి దాడికి ఉరకడం కుదిరే పని కాదు. దించాలి, మిగిలిన సిపాయిలతో ఎదురెళ్ళి అవతలివాళ్ళను తరమాలి, మళ్ళీ వచ్చి ఎత్తుకోవాలి. కోట చేరేసరికి దాదాపు అందరికీ గాయాలే. బెయిర్డ్‌కు దారిలో ఇంకో రెండు తగిలాయి, మర్నాడు పోయాడు. మరి ఆ మోత వృథాయే కదా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మోస్తున్నంతసేపూ ఆయన ప్రాణంతోనే ఉన్నాడు. ఆ తర్వాత ఏప్రిల్ 20 దాకా సాగిన కోట ముట్టడిలో గాయపడ్డవాళ్ళను చూసుకున్నదీ ఈ డాక్టరే.

విట్‌చర్చ్‌కు విక్టోరియా క్రాస్, అంటే తెగువకు బ్రిటిష్ వాళ్ళిచ్చే అత్యున్నత పతకం, ఇవ్వడం న్యాయమే. నా బాధల్లా ఆ ప్రశంసాపత్రంలో చనిపోయిన ముగ్గురు గూర్ఖాల లెక్క మాత్రమే ఉండటం. వాళ్ళ పేర్లు లేవు. దేశీ సిపాయిలను 1911 దాకా ఆ పతకానికి అర్హులుగానే చూడలేదు. మొదటగా దాన్ని సాధించిన భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్, అదీ 1914లో చూపిన తెగువకు.