యూరో సందేహాలు: వడ్డీ రేటు ఒకటే, ఖజానాలు 21

యూరో గురించి గుంటూరు, విజయవాడ పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: స్పెయిన్‌లో ఒక బయ్యర్‌కు, పోలండ్‌లో మరో బయ్యర్‌కు తేజ మిర్చి పంపిస్తున్నాం. ఇద్దరూ యూరోల్లోనే బిల్లు వేయమంటున్నారు. ఎక్కడో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వడ్డీ మారిస్తే ఇక్కడ మా లాభం ఎందుకు మారుతోంది? నష్టం రాకుండా ఏం చేయాలి?
– ఎగుమతి వ్యాపారి, గుంటూరు

జవాబు: యూరోకు రూపాయల్లో ధర నేరుగా పుట్టదు, మధ్యలో డాలరు ఉంటుంది. డాలరు 85 రూపాయలు, యూరో 1.10 డాలర్లు అనుకోండి (ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, నేటి రేట్లు కావు). యూరో 93.50 రూపాయలవుతుంది. 48,000 యూరోల బిల్లుకు 44,88,000 రావాలి. 90 రోజుల అరువు గడువు తీరేసరికి డాలరు 85 దగ్గరే ఉండి, యూరో మాత్రం 1.05 డాలర్లకు దిగితే మీ ఖాతాలో పడేది 42,84,000. యార్డులో మిర్చి ధర మారలేదు, డాలరూ కదల్లేదు, అయినా 2,04,000 పోయింది. డాలరు నిలకడగా ఉందన్న ధీమాతో యూరో బిల్లును వదిలేయకూడదు.

ఆ 1.10ని కదిలించే వాటిలో ముఖ్యమైనది యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఈసీబీ) వడ్డీ నిర్ణయం. దాదాపు ఆరు వారాలకోసారి సమావేశమై, ఫ్రాంక్‌ఫర్ట్ సమయం మధ్యాహ్నం 2.15కు నిర్ణయం చెబుతారు. మనకది వేసవిలో సాయంత్రం 5.45, చలికాలంలో 6.45. మన రూపాయి మార్కెట్ 3.30కే మూసేస్తారు. అందువల్ల నిర్ణయం ప్రభావం మర్నాడు ఉదయం మొదటి రేటులోనే ఒక్కసారిగా కనిపిస్తుంది. ముందుగానే రేటు ఖాయం చేయించుకోవాలనుకుంటే (దీన్నే రేటు కట్టించుకోవడం అంటాం) సమావేశం రోజు మధ్యాహ్నంలోపే తేల్చుకోవాలి. మార్కెట్ ముందే ఊహించిన నిర్ణయానికి యూరో పెద్దగా కదలదు. ఊహించనిది వస్తేనే ఎగిరిపడుతుంది.

మీకున్న దారులు రెండు. మొదటిది ఫార్వర్డ్ కాంట్రాక్టు, అంటే రాబోయే తేదీకి మారకం రేటును బ్యాంకుతో ఇప్పుడే ఖాయం చేసుకోవడం. రూపాయి వడ్డీ ఏడాదికి 6 శాతం, యూరో వడ్డీ 2 శాతం అయితే తేడా 4 శాతం, మూడు నెలలకు సుమారు 1 శాతం. కాబట్టి నేటి రేటు 93.50 ఉంటే మూడు నెలల ఫార్వర్డ్ సుమారు 94.43 దగ్గర ఉండాలి. ఎగుమతిదారుకు ఇది కలిసొచ్చే తేడా. బ్యాంకు అందులోంచి తన మార్జిన్ తీసుకుంటుంది. ‘మార్జిన్ ఎన్ని పైసలు?’ అని సూటిగా అడగండి. 48,000 యూరోల మీద 25 పైసలంటే 12,000 రూపాయలు. ఒక్క తేదీకి కాకుండా కొన్ని వారాల వ్యవధికి కట్టించుకుంటే, బయ్యర్ పది రోజులు ఆలస్యం చేసినా ఇబ్బంది ఉండదు.

రెండోది ప్యాకింగ్ క్రెడిట్‌ను (సరుకు పంపేముందు ఎగుమతిదారుకు బ్యాంకు ఇచ్చే అప్పు) యూరోల్లోనే తీసుకోవడం. దానిమీద వడ్డీని యూరిబోర్ అనే రేటుకు (యూరోపు బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీ) కొంత కలిపి వేస్తారు. ఈ యూరిబోర్ ఈసీబీ రేటును అంటిపెట్టుకుని నడుస్తుంది. అప్పూ యూరోల్లోనే, వసూలూ యూరోల్లోనే కాబట్టి యూరో పడితే రెండూ కలిసే పడతాయి. వచ్చిన యూరోలు నేరుగా అప్పుకు జమవుతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది సరుకు తిరస్కరణకు గురైనప్పుడు. యూరోపియన్ యూనియన్‌లో ఎండుమిర్చికి అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరిమితి బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10. భారత్ నుంచి వెళ్లే మిర్చికి రేవులోనే అదనపు తనిఖీలున్నాయి. బరువు కోసమో, కాయ విరగకుండానో టిక్కీ (మిర్చి బస్తా) కట్టేముందు నీళ్లు చల్లితే, ఆ తేమకు పట్టిన బూజు రేవులో బయటపడుతుంది. సరుకు వెనక్కొచ్చినా ఫార్వర్డ్ కాంట్రాక్టు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని ఆనాటి రేటుకు రద్దు చేయించుకోవాలి. ఈలోపు యూరో పెరిగి ఉంటే తేడా మీ జేబులోంచే పోతుంది. అందుకే ల్యాబు రిపోర్టు చేతికొచ్చాకే పూర్తి మొత్తానికి కట్టించుకోవడం మేలు. అంతవరకు సగానికి కట్టించుకుంటే చాలు.

పోలండ్ యూనియన్ సభ్యదేశమే, కానీ అక్కడి కరెన్సీ జ్లోటీ. మీ బయ్యర్ జ్లోటీలు ఇచ్చి యూరోలు కొని కడతాడు. ఆ రిస్కు అతనిది. జ్లోటీ పడిన నెలలో ధర తగ్గించమని బేరం పెట్టేది అందుకే. సరుకు విషయంలో మాత్రం రెండు దేశాలూ ఒకటే: రొటర్‌డామ్‌లో సుంకం కట్టి క్లియర్ అయిన కంటైనర్ వార్సా వెళ్లినా, మాడ్రిడ్ వెళ్లినా మళ్లీ సుంకం ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోసం జర్మనీ వెళ్తున్నాడు. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే డబ్బుకు భద్రత ఉందా? యూరో అన్ని దేశాల్లోనూ చెల్లుతుందా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: బ్లాక్డ్ అకౌంట్ అంటే విద్యార్థి ఖర్చుల డబ్బును ముందే వేసి, నెలకు కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి వీసాకు చూపాల్సిన మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున మీ అబ్బాయి చేతికి వస్తుంది. డబ్బు యూరోల్లోకి మారాక రూపాయి పడినా ఆ మొత్తం తగ్గదు. మారకం ప్రభావమంతా మీరు పంపే రోజు రేటుమీదే. యూనియన్ దేశాల్లో ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 1,00,000 యూరోల వరకు డిపాజిట్ బీమా ఉంది. అయితే అన్ని దేశాలకూ కలిపి ఒకే బీమా నిధి పెట్టాలన్న ప్రతిపాదన 2015 నుంచి నలుగుతూనే ఉంది. ఏ దేశపు బ్యాంకుకు ఆ దేశపు నిధే దిక్కు. కాబట్టి బ్యాంకు ఏ దేశంలో నమోదైందో చూసుకోండి.

ఖాతా తెరిచేటప్పుడు పేరు విషయంలో జాగ్రత్త. 2025 అక్టోబరు నుంచి యూరో బ్యాంకులు డబ్బు పంపేముందు ఖాతా నంబరుతో పాటు పేరునూ సరిచూస్తున్నాయి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, మరోచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఖాతాలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, డబ్బు పంపేవాళ్లకూ అలాగే రాసివ్వాలి.

చెక్ రాజధాని ప్రేగ్ వెళ్తే జర్మనీ వీసానే పనిచేస్తుంది, డబ్బు మాత్రం కొరూనా. అక్కడ ఏటీఎం ‘యూరోల్లో లెక్క కట్టమంటారా?’ అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీనే ఎంచుకోమనండి. ఏటీఎం వాళ్లు కట్టే రేటు చాలావరకు ఖరీదే. ఐర్లాండ్‌లో దీనికి తిరగబడి ఉంటుంది: యూరో చెల్లుతుంది, వీసా వేరే తీసుకోవాలి.

ప్రశ్న: ఇన్ని దేశాలకు ఒకే వడ్డీ రేటు ఎలా సరిపోతుంది? ఎవరు నిర్ణయిస్తారు?
– గ్రూప్-1 అభ్యర్థి, విజయవాడ

జవాబు: సరిపోదు. సరిపోని చోట ఏం చేయాలన్నదే అసలు సంగతి.

2026 జనవరి 1న బల్గేరియా చేరికతో యూరో దేశాలు 21 అయ్యాయి. నిర్ణయించేది ఈసీబీ పాలక మండలి: ఆరుగురు కార్యవర్గ సభ్యులు, 21 దేశాల కేంద్ర బ్యాంకు గవర్నర్లు. చర్చలో అందరూ పాల్గొంటారు, ఓట్లు మాత్రం 21. కార్యవర్గానికి ఆరు శాశ్వత ఓట్లు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, నెదర్లాండ్స్ ఐదింటికీ కలిపి నాలుగు. మిగతా 16 దేశాలకు 11. నెలనెలా వంతులు మారుతుంటాయి, కాబట్టి ఒక్కో నెల జర్మనీకి కూడా ఓటు ఉండదు. లక్ష్యం మాత్రం ఒక్కటే, మధ్యకాలంలో ద్రవ్యోల్బణం 2 శాతం. అదీ 21 దేశాలకూ కలిపి తీసిన సగటు.

ఆ సగటు ఎంత దాచగలదో 2022 ఆగస్టు చూపించింది. ఎస్తోనియాలో ద్రవ్యోల్బణం 25.2 శాతం, ఫ్రాన్స్‌లో 6.6. ఈసీబీ డిపాజిట్ రేటు (బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బుకు ఇచ్చే వడ్డీ) అప్పుడు రెండు దేశాలకూ సున్నాయే. తేడా ఎందుకొచ్చిందంటే, ఎస్తోనియాలో కరెంటు, గ్యాసు ధరలు పెరిగిన వెంటనే ఇంటి బిల్లుల్లోకి వచ్చేశాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఖజానాతో వాటికి అడ్డుకట్ట వేసింది. 2023 సెప్టెంబరుకు రేటు 4 శాతానికి చేరింది, 2025 జూన్‌లో 2కు దిగింది. పెంపు తగిలిన తీరూ ఒకటి కాదు. ఎస్తోనియా, ఫిన్లాండ్‌లలో ఇంటి రుణాలు ఎక్కువగా యూరిబోర్‌తో ముడిపడినవి, కొన్ని నెలల్లోనే ఈఎంఐ పెరిగింది. ఫ్రాన్స్‌లో ఎక్కువ రుణాలు స్థిర వడ్డీవి, పాత అప్పులవాళ్లకు దెబ్బ తెలియలేదు.

ఇంతకంటే ఖరీదైన పాఠం 2003–05లో దొరికింది. జర్మనీ మందగమనంలో ఉంది. బ్యాంకులకు అప్పిచ్చే ఈసీబీ ప్రధాన రేటు 2 శాతం దగ్గర రెండున్నరేళ్లు నిలిచింది. అదే రేటు స్పెయిన్, ఐర్లాండ్‌లకు మరీ చౌక అయింది. ఇళ్ల ధరలు ఉబ్బాయి, 2008 తర్వాత కూలాయి. వడ్డీ పెంచే అధికారం లేనప్పుడు జాతీయ కేంద్ర బ్యాంకు చేయగలిగింది ఉంది: ఇంటి విలువలో ఎంత శాతం వరకు అప్పివ్వవచ్చో, ఆదాయంలో ఎంత శాతం ఈఎంఐ దాటకూడదో పరిమితి పెట్టడం, బ్యాంకులను అదనపు మూలధనం ఉంచుకోమనడం. ఐర్లాండ్ ఇలాంటి పరిమితులు పెట్టింది 2015లో, ఇళ్ల ధరలు కూలిన తర్వాత. పరీక్షలో ‘ఒకే ద్రవ్య విధానం’ గురించి రాసేటప్పుడు ఈ దేశీయ పనిముట్లను వదలకండి. జవాబులో సగం బలం అక్కడే ఉంది.

ప్రశ్న: అప్పుల సంక్షోభం వచ్చినప్పుడు గ్రీసు యూరో వదిలేసి, సొంత కరెన్సీ విలువ తగ్గించుకుని ఉంటే త్వరగా కోలుకునేది కాదా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గ్రీసు అప్పు యూరోల్లో ఉంది. యూరో బదులు తెచ్చే కొత్త డ్రాక్మా (యూరోకు ముందు గ్రీసు కరెన్సీ పేరు) సగానికి పడితే అప్పు రెట్టింపవుతుంది. మందులు, ఇంధనం దిగుమతి చేసుకునే దేశంలో వాటి ధరలూ అలాగే పెరుగుతాయి. కరెన్సీ మారుతోందన్న వాసన తగిలితే చాలు, జనం బ్యాంకుల్లో ఉన్నదంతా తీసేసుకుంటారు. 2015 జూన్ చివర్లో నిష్క్రమణ భయానికే బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి ఇవ్వలేదు.

యూరోలో ఉండటానికి గ్రీసు కట్టిన ధర మాత్రం దారుణం. 2009 అక్టోబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం లోటు చెప్పినదానికంటే చాలా ఎక్కువని బయటపెట్టింది. చివరికి అది జీడీపీలో 15 శాతం దగ్గర తేలింది. యూరో దేశాలకున్న పరిమితి 3 శాతమే. 2010 మేలో 110 బిలియన్ యూరోల రుణం వచ్చింది. 2012లో ప్రైవేటు రుణదాతలు బాండ్ల ముఖవిలువలో 53.5 శాతం వదులుకున్నారు. కరెన్సీ తగ్గించలేరు కాబట్టి జీతాలు తగ్గించారు: 2012 ఫిబ్రవరిలో కనీస వేతనం 22 శాతం కోత, 25 ఏళ్లలోపు వారికి 32 శాతం. జీతాలు తగ్గాయి గానీ ఆదాయంతో పోలిస్తే అప్పు భారం తగ్గలేదు. తగ్గిన ఆదాయం మీద పన్ను తగ్గింది, లోటు పూడ్చడానికి మళ్లీ కోతలు పెట్టారు. ఆర్థిక వ్యవస్థ పావు వంతు కుంచించుకుపోయింది, 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది.

మన రాష్ట్రంతో పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. 2014లో హైదరాబాద్ ఆదాయం పోయి, రెవెన్యూ లోటుతో ఆంధ్రప్రదేశ్ మిగిలింది. మనకూ సొంత కరెన్సీ లేదు, వడ్డీ రేటు ముంబయిలోనే నిర్ణయిస్తారు. కానీ కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వాటా ఉంది, రెవెన్యూ లోటు గ్రాంట్లు వచ్చాయి. వచ్చింది చాలిందా అన్నది వేరే చర్చ. వచ్చే దారి రాజ్యాంగంలోనే ఉంది. యూరోపియన్ యూనియన్ ఉమ్మడి బడ్జెట్ మొత్తం సభ్యదేశాల ఆదాయంలో 1 శాతం చుట్టూనే ఉంటుంది. ఒక దేశం అప్పును మరో దేశం మోయకూడదని ఒప్పందంలోని 125వ అధికరణం చెబుతుంది. 123వది ప్రభుత్వాలకు ఈసీబీ నేరుగా అప్పివ్వడాన్ని నిషేధిస్తుంది. ఈ కారణంగా గ్రీసుకు దొరికింది వడ్డీతో కట్టాల్సిన రుణం, వాటా కాదు.

అందరూ కలిసి అప్పు తెచ్చి దేశాలకు పంచాలన్న నిర్ణయం 2020లో, కోవిడ్ తర్వాత వచ్చింది: 750 బిలియన్ యూరోలు (2018 ధరల్లో), అందులో 390 తిరిగి ఇవ్వక్కర్లేని గ్రాంట్లు. ఇది 2010లోనే వచ్చి ఉంటే గ్రీసులో ఒక తరం యువత అంత నష్టపోయేది కాదని మా గట్టి అభిప్రాయం. దాన్ని ఒక్కసారికే అని రాసుకున్నారు, శాశ్వతం చేయలేదు. అదింకా బాకీ ఉన్న పనే.

ప్రశ్న: అటకమీద పెట్టెలో పాత జర్మన్ మార్కులు, ఫ్రెంచి ఫ్రాంకులు, ఇటాలియన్ లీరాలు దొరికాయి. మారతాయా?
– పాఠకుడు, మంగళగిరి

జవాబు: మార్కులు మారతాయి, గడువు లేదు. 1.95583 మార్కులకు ఒక యూరో చొప్పున జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ శాఖల్లో రుసుము లేకుండా ఇస్తారు. 100 మార్కులకు 51.13 యూరోలు. అక్కడికి వెళ్లే మనిషితో పంపడం సులువు. ఫ్రాంకు నోట్లకు గడువు 2012 ఫిబ్రవరి 17తో ముగిసింది, లీరాలకూ అదే నెలలో తీరాల్సిన గడువును 2011 డిసెంబరు 6కే కుదించారు. అవి రెండూ ఇప్పుడు నోట్లు సేకరించేవాళ్లకే పనికొస్తాయి.