చెన్నైలో ఎక్కడ దిగాలంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు హోటళ్లూ చూశాను. గదులకు వంక పెట్టడానికి లేదు. తెల్లటి దుప్పట్లు, పెద్ద టీవీ, కింద కారు పెట్టుకునే చోటు, అన్నీ ఉన్నాయి. కానీ ఒకటి షోళింగనల్లూరులో, ఒకటి వేళచ్చేరిలో, ఇంకోటి పోరూరులో. కందుకూరులో కూర్చుని చూస్తే మూడూ చెన్నైయే. మీకు పనులున్నది మాత్రం నుంగంబాక్కంలో మీ నాన్న కళ్ల పరీక్షకు, టీనగర్‌లో బట్టలకు. ఆ మూడింట్లో ఎక్కడ దిగినా రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి.

గది సంగతి తర్వాత. ముందు ఒక కాగితం తీసుకుని ఏ రోజు పొద్దున ఎన్నింటికి ఎక్కడ ఉండాలో రాయి. సాయంత్రం బట్టల షాపుకు గంట ఆలస్యంగా పోయినా ఎవరూ ఏమీ అనరు. పొద్దున డాక్టరు వేళ తప్పితే ఆ రోజంతా పోయినట్టే. అందుకని అన్నిటికంటే పెందలాడే మొదలయ్యే పని, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోవాల్సిన పని ఏదో చూసి దాని దగ్గర దిగాలి. మీకు అది కాలేజీ రోడ్డులో ఉన్న శంకర నేత్రాలయ.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, బావకు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. అవి పట్టడానికే అరగంట దాకా పడుతుంది. పట్టాక కొన్ని గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి, ఎండ సూదుల్లా గుచ్చుతుంది. అట్టాంటి మనిషిని లోకల్ రైలు మెట్లు ఎక్కించి దించలేవు, చెన్నై ఫుట్‌పాత్‌ల మీద నడిపించనూ లేవు. ఆటోలో పదిహేను ఇరవై నిమిషాల్లో గదికి చేర్చగలగాలి. షుగరు మనిషి కాబట్టి వేళకు తిని కాసేపు నడుం వాల్చే వీలూ ఉండాలి. నల్ల కళ్లద్దాలు ఇంటికాడి నుంచే పెట్టుకుని పోండి.

ఇక రెండో పని టీనగర్. ఆస్పత్రికీ టీనగర్‌కీ రెండింటికీ కుదిరే చోటు ఎగ్మోర్. అక్కడి నుంచి నేత్రాలయకు ఆటోలో రెండు మూడు కిలోమీటర్లు. టీనగర్‌కు తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కితే చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం దాటి నాలుగో స్టేషను మాంబలం. దిగి బయటికొస్తే ఎదురుగా రంగనాథన్ వీధి. మధ్యలో బండి మారే పని లేదు. సెంట్రల్లో దిగి రావడానికి మెట్రోలో ఒక్కటే స్టేషను. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మాత్రం లోకల్ ఎక్కొద్దు. అక్కా అమ్మాయీ పదకొండుకు పోయి నాలుగున్నరకల్లా తిరిగి బయలుదేరితే హాయి.

ఎగ్మోర్ అంటే అంతా ఒకటే అనుకోబాక. స్టేషనుకు గాంధీ ఇర్విన్ రోడ్డు ఒక పక్క, పూనమల్లి హైరోడ్డు ఇంకో పక్క. మధ్యలో పట్టాలు. మ్యాపులో మూడు వందల మీటర్లే అని చూపించిన లాడ్జికి పెట్టెలు మోసుకుంటూ వంతెన ఎక్కి దిగాల్సి రావచ్చు. స్టేషను కట్టడం పనులతో దారులు కూడా మారుతున్నాయి, కాబట్టి లాడ్జివాళ్లనే అడుగు: ఏ పక్క బయటికి రావాలి, అక్కడి నుంచి మెట్లు లేకుండా రాగలమా అని. లాడ్జీలు ఎక్కువగా ఉండేది కెన్నెట్ లేన్‌లో. రేటు అందుబాటులోనే ఉంటుంది, తిండికి కరువు లేదు. కాకపోతే సందు ఇరుకు, తెల్లవారుజామున రైళ్లకు వచ్చేపోయే జనంతో గోల. వీధి వైపు గది వద్దని, వెనక వైపుది ఇమ్మని ముందే చెప్పు. అట్టాగని మరీ వెనక్కి పోయి కూవం ఏటివైపు కిటికీ ఉన్న గదీ తీసుకోవద్దు. ఆ వాసన, దోమలు ఏసీ వేసినా వదలవు. కిటికీలకు జాలీ ఉందా అని ఒక మాట అడగడంలో తప్పు లేదు.

ఒకవేళ డాక్టరు ఆపరేషను అని వారం పదిరోజులు ఉండమంటే అప్పుడు లెక్క మారుతుంది. గ్రీమ్స్ రోడ్డు, మోడల్ స్కూల్ రోడ్డు వైపు పేషెంట్ల కోసమే నడిచే గెస్ట్‌హౌస్‌లున్నాయి. చాలావాటిలో స్టవ్వు, గిన్నెలు ఇస్తారు, వారానికి అద్దె మాట్లాడుకోవచ్చు. బెంగాలీలు ఎక్కువ, మెస్సుల్లో చేపలు ఆవనూనెతో వండుతారు, అది మనకు పడదు. అక్క పప్పూ అన్నం గదిలోనే వండుకుంటుంది.

బట్టలు రెండు రోజులు కొనే పనైతే ఆడవాళ్లిద్దరూ టీనగర్‌లోనే దిగుతామంటారు. మధ్యాహ్నం సంచులు గదిలో పడేసి మళ్లీ పోవచ్చు, ఆ సుఖం నిజమే. అట్టా అయితే ఉస్మాన్ రోడ్డు మీద కాకుండా వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడి చుట్టుపక్కలో, జీఎన్ చెట్టి రోడ్డు వైపో చూడు. పట్టాలకు అవతల వెస్ట్ మాంబలం చవక, ప్రశాంతం. ఆ రెంటినీ కలిపే దురైసామి సబ్‌వేలో గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి, చుట్టూ తిరిగి రావాలి. తమిళుల ఆడి నెల తగ్గింపులంటే మన ఆషాఢంతో కలిపి లెక్కేయొద్దు. వాళ్లది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. ఆ నెలలోనూ దీపావళి ముందరా టీనగర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు, గదులూ దొరకవు.

మైలాపూరు గురించి అక్క అడిగింది. ఊరిలాగా ఉంటుంది, కపాలీశ్వరుడి గుడి, మంచి టిఫిన్లు. మన జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములుగారు 1952లో దీక్షలో ప్రాణం విడిచిన ఇల్లు రాయపేట హైరోడ్డులో స్మారకంగా ఉంది. పోయి చూసి రండి. దిగడానికి ఈసారి వద్దు, లజ్ దగ్గర మెట్రో తవ్వకాలతో పొద్దున బండి ఎంతసేపట్లో బయటపడుతుందో చెప్పలేం. ట్రిప్లికేన్‌లో మాన్షన్లంటూ చవగ్గా కనిపించేవి నెలవారీగా ఉండే మగవాళ్లవి, కుటుంబాలకు పనికిరావు.

చవక గురించి ఒక లెక్క. దూరాన గది 600 రూపాయలు తక్కువగా వస్తుందనుకో. మీరు నలుగురు, ఆటోలో ముగ్గురే లెక్క. కారు పిలిస్తే పోను 400, రాను 400 అయినా మిగిలింది పోయి పైన 200 చేతినుంచి పడుతుంది. ఎండకూ వానకూ రేటు పెరగడం వేరే. మ్యాపులో దూరం చూసేటప్పుడు కూడా రాత్రి పదింటికి చూసి పన్నెండు నిమిషాలే అనుకోబాక. బయలుదేరే వేళ మార్చి సోమవారం పొద్దున ఏడున్నర అని పెట్టి చూడు. తర్వాత నడక దారి నొక్కు. కారుకీ నడకకీ దారి బాగా తేడా వస్తే మధ్యలో ఏరో పట్టాలో ఉన్నట్టు. వీధి ఫోటో ఏ నెలదో కూడా చూడు, మెట్రో పనులకు ముందుదైతే నమ్మొద్దు.

హోటల్ గురించి జనం రాసే రివ్యూల్లో పొగిడిన మాటలు చదవొద్దు. ఈ మూడు నెలల్లో తిట్టినవాళ్లు ఏం రాశారో చదువు. సర్వీసు నెమ్మది అన్నవి వదిలెయ్. ఉప్పు నీళ్లు, బాత్రూము వాసన, పనిచేయని లిఫ్టు అని ఇద్దరు ముగ్గురు రాస్తే ఆ చోటు వదులుకో.

ఆ తర్వాత రిసెప్షన్‌కు ఫోన్ చేయి. లిఫ్టు రోడ్డు మట్టానికే ఉందా, ముందు ఆరేడు మెట్లెక్కాలా? వెస్టర్న్ టాయిలెట్టేనా? వేడినీళ్లు ఏ వేళకు? నలుగురికి ఒక గదా రెండా, అదనపు పరుపుకు ఎంత? చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా? రోజుకు 7,500 లోపు గదికి 5 శాతం. యాప్‌లో బుక్ చేసినా ఈ ఫోన్ తప్పదు. అక్కడికి పోయాక ఆ యాప్‌తో మాకు లెక్కలు లేవు అనే లాడ్జీలు ఉన్నాయి. ఎవరైనా సొంత నంబరుకు అడ్వాన్సు పంపమంటే పంపొద్దు.

అన్నింటికంటే ముఖ్యం, గది ఖాళీ చేసే వేళ. కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు, కొన్నిచోట్ల దిగిన వేళ నుంచి 24 గంటలు. సింగరాయకొండలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్, అప్పుడు ఏదైనా ఫరవాలేదు. రాత్రి రైలెక్కి తెల్లవారి అయిదింటికి దిగితే మాత్రం 24 గంటల పద్ధతే చూడు. పన్నెండు పద్ధతిలో ఆ ఏడు గంటలకే ఒక రోజు అద్దె పడుతుంది. బస్సులో వస్తే దిగేది మాధవరం. అది ఊరికి ఉత్తరాన ఎక్కడో ఉంది, మెట్రో ఇంకా రాలేదు, పెట్టెలతో అక్కడి నుంచి కారు మాట్లాడుకోవాలి. బావ ఉన్నాడు కాబట్టి రైలే నయం.

దసరా దాటాక పోతున్నారు కాబట్టి వాన సంగతి. మనకు ముసురు పట్టిందంటే వాళ్లకూ పట్టినట్టే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే వేళచ్చేరిని ముంచింది. ఆ నెలల్లో కింది అంతస్తు గది తీసుకోవద్దు, వేళచ్చేరి పేరెత్తొద్దు. ఏ వేళ దాకా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వస్తుందో చూసి, అలాంటిదే బుక్ చెయ్.

స్టేషను బయట ఆటోవాళ్లు మీ లాడ్జి మూసేశారు, ఇంకోటి చూపిస్తాం అంటారు. కమీషను కోసం. అక్కడే నిలబడి లాడ్జికి ఫోన్ చేసి ఆటోవాడికి ఇచ్చెయ్, వాళ్లూ వాళ్లూ తమిళంలో మాట్లాడుకుంటారు. నలుగురి ఆధార్ కార్డులూ ఒరిజినల్స్ పైసంచిలోనే పెట్టుకోండి, పెట్టె అడుగున కాదు.

డాక్టరు తేదీ ఖాయమయ్యాక రెండు మూడు లాడ్జీల పేర్లు పంపు, చూసి చెప్తాను.

మీ మేనమామ
నెల్లూరు