ఫైన్ అంటే అన్నిసార్లూ బాగున్నట్టు కాదు

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడిగే ఇంగ్లిషు సందేహాలు పెద్ద పెద్ద మాటల గురించి కావు. చిన్నప్పటి నుంచి వాడుతున్నవాటి గురించే. వాటిలో నా లెక్కన మొదటి స్థానం 'ఫైన్'ది. "హౌ ఆర్ యూ" అంటే "ఫైన్" అనాలని బళ్ళోనే నేర్చుకున్నాం. తప్పు చేస్తే ఫైన్ కట్టాలనీ తెలుసు. ఈ రెండింటికీ మధ్య ఉన్నదే వచ్చిన కొత్తలో ఇబ్బంది పెడుతుంది.

ముందుగా చెప్పాల్సింది 'వద్దు' అనే అర్థం. ఎవరైనా "కారులో దింపమంటారా?" అని అడిగినప్పుడు "ఫైన్" అన్నారంటే, సరే వస్తానని. "అయామ్ ఫైన్" అన్నారంటే, అక్కర్లేదని. మనవాళ్ళు మొహమాటపడుతూ "యెస్ యెస్, అయామ్ ఫైన్" అంటారు. మనసులో ఉన్నది వస్తామనే. అవతలి మనిషి మాత్రం చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఒకసారి అడుగుతాడులే అని ఎదురుచూడకండి, చాలామంది అడగరు. కావాలంటే "యెస్ ప్లీజ్", వద్దంటే "నో థాంక్స్, అయామ్ ఫైన్". కౌంటర్ దగ్గర రసీదు కావాలా అన్నప్పుడు "నో, దట్స్ ఫైన్" అనేదీ ఇలాంటిదే. ఇక "యా, నో, అయామ్ ఫైన్" అని మూడూ కలిపి చెప్పేవాళ్ళుంటారు. మొదటి రెండూ వదిలేసి చివరి ముక్క పట్టుకోండి.

ఆఫీసు సంగతి ఇంకాస్త చిక్కు. మీరు చేసిన పని చూసి మేనేజర్ "ఇట్స్ ఫైన్" అంటే సంబరపడిపోకండి. మనం "బాగుంది" అనడానికీ "బాగానే ఉంది" అనడానికీ తేడా ఉంది కదా, ఈ "ఇట్స్ ఫైన్" ఆ 'నే' కింద పడుతుంది. పని గడుస్తుంది, మెచ్చుకోదగ్గది కాదు అని. నిజంగా నచ్చితే 'గ్రేట్' అనో 'నైస్ వర్క్' అనో అంటారు. అయితే ముందు 'పర్ఫెక్ట్‌లీ' లాంటిది తగిలిస్తే లెక్క మారుతుంది. రేపు సెలవు కావాలంటే "దట్స్ పర్ఫెక్ట్‌లీ ఫైన్" అన్నారంటే అభ్యంతరం ఏమాత్రం లేదని, నిశ్చింతగా తీసుకోవచ్చు. "ఇట్ షుడ్ బీ ఫైన్" అన్నప్పుడు మాత్రం చెవులు రిక్కించండి. చెప్పేవాడికి నమ్మకం ఉంది కానీ పరీక్షించి చూసి ఉండకపోవచ్చు. టెస్ట్ చేశారా అని అడగడంలో తప్పేమీ లేదు.

చాట్‌లో ఒంటరిగా "ఫైన్" అని రాసి పక్కన ఫుల్‌స్టాప్ కూడా పెడితే, అవతలివాళ్ళు ఒప్పుకున్నారు, కానీ ఇష్టం లేకుండా ఒప్పుకున్నారని చాలామంది అర్థం చేసుకుంటారు. మీరు మామూలుగా రాసినా అలాగే అనుకునే ప్రమాదం ఉంది. "ష్యూర్" అనో "సౌండ్స్ గుడ్" అనో రాయడం మేలు. (అక్కడే పెరిగిన పిల్లలు "ఫైన్!" అని తలుపు వేసుకున్నప్పుడు ఈ పాఠం తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు.)

అలవాటుగా అనేసి నష్టపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది డాక్టరు గది. ఆయన "హౌ ఆర్ యూ టుడే" అని పలకరించగానే నోటికొచ్చిన "ఫైన్"తో ఆపేస్తే, వచ్చిన పని అక్కడే చల్లబడుతుంది. "నాట్ గ్రేట్" అని మొదలుపెట్టి, ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో చెప్పండి. రెండోది రోడ్డు. కారును వెనక నుంచి ఎవరో గుద్దారు, దిగి వచ్చి "ఆర్ యూ ఓకే" అంటారు. మనం మర్యాద కొద్దీ "అయామ్ ఫైన్" అంటాం. ఇలాంటి దెబ్బల్లో మెడకు వచ్చే విప్‌లాష్ నొప్పి కొన్ని గంటలకో మర్నాటికో గానీ బయటపడకపోవచ్చు. అప్పుడు బీమా కంపెనీ, ఆ రోజు బాగానే ఉన్నానన్నారు కదా అనవచ్చు. "ఐ డోంట్ నో యెట్" అంటే చాలు. అది మర్యాద తప్పడం కాదు, నిజం చెప్పడం.

మన ఇంగ్లిషులో "వన్ ఫైన్ డే" ఒకటుంది. ఉన్నట్టుండి ఒకరోజు ఉద్యోగం మానేశాడని చెప్పడానికి మనం తేలిగ్గా వాడేస్తాం. అక్కడివాళ్ళకు అది కథ చెబుతున్నట్టు వినిపిస్తుంది. ఉత్తి "వన్ డే" సరిపోతుంది. "ఎ ఫైన్ మెస్" అంటే మెప్పు కాదు, మనం "బాగానే ఉంది వరస!" అన్నట్టు ఎత్తిపొడుపు.

సన్నని, మెత్తని, నాణ్యమైన అనే అర్థాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. గాలి కాలుష్యం లెక్కల్లో కనిపించే పీఎం 2.5ను ఫైన్ పార్టికల్స్ అంటారు, 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా సన్నని కణాలన్నమాట. బంగారం మీద 916 అని ఉంటే అది ఫైన్‌నెస్, వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని. ఇంటి అద్దె ఒప్పందంలో చిన్న అక్షరాల షరతులు ఫైన్ ప్రింట్. బ్రిటన్‌లో స్మాల్ ప్రింట్ అంటారు. అక్షరాలు ఎంత చిన్నవైనా సంతకానికి ముందే చదవండి.

ఇక డబ్బు కట్టే ఫైన్. లాటిన్‌లో 'ఫీనిస్' అంటే ముగింపు. ఫినిష్, ఫైనల్, ఫైనాన్స్ అన్నీ ఆ వేరు నుంచే. గొడవను ముగించడానికి కట్టే సొమ్ము కాబట్టి ఫైన్ అయింది, చివరంటా మెరుగుపెట్టింది కాబట్టి మేలైనదీ ఫైనే అయింది. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన ఎనిమిదో సవరణ, మితిమీరిన ఫైన్లు వెయ్యకూడదంటుంది.

బ్రిటన్‌కు వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కారు అద్దం మీద పీసీఎన్ అని కాగితం కనిపిస్తే రెండు రకాలు ఉండవచ్చు. కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక సంస్థ, ఇచ్చేది 'పెనాల్టీ చార్జ్ నోటీస్', దాని వెనక చట్టం ఉంటుంది. ప్రైవేటు పార్కింగ్ కంపెనీ ఇచ్చేది 'పార్కింగ్ చార్జ్ నోటీస్'. ఇది అచ్చంగా ఫైన్ కాదు, ఒప్పందం తప్పారంటూ అడిగే సొమ్ము. అలాగని చించి పారేయకండి, కంపెనీ కోర్టుకు వెళ్ళవచ్చు. ఎవరు పంపారో చూసి, కట్టడమో అభ్యంతరం చెప్పడమో గడువులోగా తేల్చుకోండి.