అకౌస్టిక్ మైక్రోస్కోపు ప్రాజెక్టు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. అకౌస్టిక్ మైక్రోస్కోపు (ధ్వని తరంగాలతో వస్తువు లోపలి భాగాన్ని చూపే పరికరం) చిత్రాలు మసకగా వచ్చినప్పుడు, మళ్లీ స్కాన్ చేయకుండా కంప్యూటరే ఫోకస్ సరిచేసే పద్ధతిపై ప్రాజెక్టు చేయమని మా గైడ్ సూచించారు. ఇంత చిన్న రంగంలోకి వెళ్తే ఉద్యోగావకాశాలు తగ్గిపోతాయా?

జవాబు: పరికరాన్ని బట్టి చూస్తే రంగం చిన్నదే. 1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు క్వేట్, లెమన్స్ రూపొందించిన ఈ మైక్రోస్కోపును నేడు ఎక్కువగా చిప్ ప్యాకేజీల్లో పొరలు విడిపోయిన చోట్లను పట్టుకోవడానికి వాడుతున్నారు. అయితే ఇందులోని గణితమే రాడార్, సోనార్, వైద్య అల్ట్రాసౌండ్, భూకంప తరంగాల విశ్లేషణ రంగాల్లోనూ పనిచేస్తుంది కాబట్టి, ఆ భయం అక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు పని ఏమిటో చూడండి. 100 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం నీటిలో సుమారు 15 మైక్రాన్లు. లెన్సు దాన్ని ఒకే లోతున కేంద్రీకరిస్తుంది కనుక, అంతకు పైనో కిందో ఉన్న చిన్న బుడగ చిత్రంలో చెదిరిన మచ్చలా కనిపిస్తుంది. ప్రతిధ్వని ఫేజ్‌తో (తరంగం తన చక్రంలో ఏ దశలో ఉందో చెప్పే విలువతో) సహా నమోదై ఉంటే, ఆ డేటాకు ఫోరియర్ పరివర్తన చేసి (అంటే సరళ తరంగాలుగా విడగొట్టి), ఒక్కో తరంగానికి తగిన ఫేజ్ సవరణ జోడించి, తరంగాన్ని లెక్కల్లోనే మరో లోతుకు జరపవచ్చు. ఎంత లోతు దగ్గర ఆగాలో కంప్యూటర్ తనంతట తానే తేల్చుకోవాలి. వేర్వేరు లోతుల వద్ద చిత్రం స్పష్టతను కొలిచి, గరిష్ఠ విలువ వచ్చినదాన్ని ఎంచుకోవడం వాడుకలో ఉన్న మార్గం. ఇక్కడే తిప్పలు మొదలవుతాయి. నాయిస్‌ను (అనవసర సంకేతాలను) కూడా స్పష్టతగా లెక్కగట్టే కొలమానాలున్నాయి. పైగా ధ్వని వేగం నీటిలో సెకనుకు సుమారు 1,480 మీటర్లయితే సిలికాన్‌లో సుమారు 8,400 మీటర్లు. వేగం తప్పుగా తీసుకుంటే లోతు కూడా తప్పుతుంది.

అందువల్ల ఒప్పుకునే ముందు మీ గైడ్‌ను ఒక్క మాట అడగండి: ప్రయోగశాలలోని యంత్రం ప్రతి బిందువు వద్ద పూర్తి తరంగాన్ని భద్రపరుస్తుందా, లేక ప్రతిధ్వని గరిష్ఠ తీవ్రతను మాత్రమేనా? తీవ్రత ఒక్కటే ఉంటే ఫేజ్ పోయినట్లే. అప్పుడు మిగిలేది డీకాన్వల్యూషన్ (లెన్సు కలిగించిన మసకను లెక్కలతో తొలగించడం), లేదా న్యూరల్ నెట్‌వర్క్ ఊహ. లేని పగులును ఉన్నట్లు చూపే ప్రమాదం ఉన్న ఆ దారిని తొలి ప్రాజెక్టుగా నేను సూచించను.

పూర్తి తరంగం దొరికితే మాత్రం వెనుకాడకండి. నిజమైన డేటా ముట్టుకోకముందే, పైథాన్‌లో ఒకే ఒక్క బిందువును సృష్టించి, దాన్ని మసకబార్చి, తిరిగి బిందువుగా మార్చి చూడండి. మొదటి బిందువు చిత్రాన్ని, తిరిగి వచ్చిన బిందువు చిత్రాన్ని పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో వివరించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి కావలసినంత సరుకు ఉంటుంది. పారిశ్రామిక తనిఖీ ఉద్యోగాల వైపే వెళ్లాలనుకుంటే, ప్రోగ్రామింగ్‌తో పాటు ఐఎస్ఓ 9712 (తనిఖీ సిబ్బంది అర్హతకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం ఇచ్చే అల్ట్రాసోనిక్ తనిఖీ ధ్రువపత్రం గురించి కూడా విచారించండి.