అమెరికా నుంచి హన్మకొండకు తిరిగొచ్చేస్తుంటే 401(కె) (అక్కడి ఉద్యోగంలో కూడబెట్టిన రిటైర్మెంట్ ఖాతా) డబ్బు ఏం చేయాలి?

ప్లాటు కొందామని దాన్ని తీసేయకండి. 59½ ఏళ్లలోపు తీస్తే అమెరికాలో పన్నుతో పాటు సాధారణంగా 10% పెనాల్టీ కూడా పడుతుంది.

ముందు మీ ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (ఇండియాకు తిరిగొచ్చినా పన్ను లెక్కలో ఇంకా పూర్తి రెసిడెంట్ కాని స్థితి) లెక్క చూసుకోండి. గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్ అయినా, గత 7 ఏళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకపోయినా అది వస్తుంది. అది ఉన్నన్నాళ్లు ఆ ఖాతాలో పెరిగినదానిపై ఇక్కడ పన్ను లేదు.

పూర్తి రెసిడెంట్ అయిన ఏడాదే, రిటర్న్ గడువులోపు ఫారం 10-ఈఈ వేయాలి (1961 ఆదాయపు పన్ను చట్టం, 89ఏ సెక్షన్). ఈ ఖాతాపై పన్నును డబ్బు తీసేదాకా వాయిదా వేయమని కోరేది ఇదే. చాలామంది దీన్ని వదిలేస్తారు. వేయకపోతే డబ్బు చేతికి రాకముందే ఇక్కడ ఏటా పన్ను పడొచ్చు. అమెరికా పన్ను తీసినప్పుడే పడుతుంది కాబట్టి ఏళ్లు కలవక, ఒక దేశంలో కట్టిన పన్నును మరో దేశంలో తగ్గించుకునే క్రెడిట్ చిక్కుకుపోతుంది. 2026 ఏప్రిల్ నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, సెక్షన్, ఫారం నంబర్లు ఆడిటర్‌తో సరిచూసుకోండి. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఖాతా చూపించాలి.