ముందు సరుకు లెక్క, తర్వాతే సభ్యులు

ప్రశ్న: మా అంబత్తూరు వీధిలో తెలుగు, తమిళ కుటుంబాలు కలిసి బియ్యం, పప్పులు టోకున కొనుక్కునే సహకార సంఘం పెట్టాలనుకుంటున్నాం. వాట్సాప్‌లో 40 మంది సరేనన్నారు. పని దగ్గరికొచ్చేసరికి ముగ్గురమే మిగిలాం. సభ్యులను, నడిపేవాళ్ళను ఎలా కూడగట్టాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆ 40 మందిని లెక్కలోకి తీసుకోకండి. ఇంటింటికీ వెళ్ళి, నెలకి ఏ బియ్యం ఎన్ని కిలోలు, కందిపప్పు ఎంత, ఇప్పుడు ఏ ధరకి కొంటున్నారో అడిగి రాసుకోండి. సంఘం గొప్పతనం చెబితే తలూపుతారు, సరుకు గురించి అడిగితే నోరు విప్పుతారు. 50 కిలోల పప్పు బస్తా ఖాళీ కావాలంటే ఇంటికి రెండున్నర కిలోల చొప్పున 20 ఇళ్ళు చాలు. మీరు ముందు చేరుకోవలసిన సంఖ్య అదే.

ఎక్కువమంది జారిపోయేది బియ్యం దగ్గరే. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాతవాటికి నీళ్ళెక్కువ పడతాయి. రెడ్‌హిల్స్ బియ్యం మిల్లుల నుంచి బస్తాలు దింపేముందు పావుకిలో చొప్పున నమూనా పంచి, వండి చూశాకే ఆర్డర్ రాయించుకోండి. మనవాళ్ళు సోనామసూరి అంటే తమిళుల ఇళ్ళలో ఉప్పుడు బియ్యం, ఇడ్లీ బియ్యం అడుగుతారు. జాబితాలో అవి లేకపోతే సంఘం తెలుగువాళ్ళదే అయిపోతుంది. కరపత్రం రెండు భాషల్లోనూ వేయండి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది, కాబట్టి 26 కిలోల బస్తా అడగండి.

డబ్బు ఆర్డర్‌తోపాటే తీసుకోవాలి. లేదంటే సూపర్ మార్కెట్లో ఆఫర్ రాగానే నలుగురు తప్పుకుంటారు, వాళ్ళ బస్తాలు మీ వరండాలో పురుగుపడతాయి.

నడిపేవాళ్ళ కోసం "అందరూ సాయానికి రండి" అంటే ఎవరూ రారు. "మొదటి ఆదివారం రెండు గంటలు కాటా దగ్గర ఉంటారా?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఆర్డర్ జాబితా, డబ్బు, కొనుగోలు, తూకం తలా ఒకరికి అప్పగించండి. డబ్బు చూసేవారు, కొనేవారు ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఆరు నెలలకోసారి పనులు మార్చండి, లేకపోతే ఒకరే మోసి మోసి విసిగిపోతారు. బస్తా విప్పి పంచితే కొంత తరుగు పోతుంది. ధరలోనే ఒక శాతం కలపండి, లేకుంటే చివర వచ్చినవారికి తక్కువై మాటామాటా పెరుగుతుంది.

1904లో మన చెన్నైలోని ట్రిప్లికేన్‌లో మొదలైన వినియోగదారుల సహకార సంఘం పేరు మీ వీధి పెద్దలు కొందరైనా విని ఉంటారు, నమ్మకం కలిగించడానికి ఆ పేరెత్తండి. నాలుగైదు నెలలు సజావుగా సాగాక తమిళనాడు సహకార సంఘాల చట్టం, 1983 కింద రిజిస్ట్రేషన్ గురించి సహకార శాఖ కార్యాలయంలో అడగండి. దుకాణం తెరిచేముందు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. కోయంబేడు మార్కెట్ కూరగాయల జోలికి మాత్రం అప్పటిదాకా వెళ్ళకండి, ఒక్క రోజు ఆలస్యమైతే పోయేది సభ్యుల డబ్బే.