అనౌన్సరు గొంతు కత్తిరించకండి
పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి రేడియో మెకానిక్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా క్యాసెట్ల గురించే. వానలు వెనకపట్టి ఇళ్లలో అటకలు దులుపుతున్నట్టున్నారు. టీవీ రిపేర్ల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: బాబాయి గారూ, మా నాన్నగారు 1980ల్లో ఉషశ్రీ గారి ప్రవచనాలు, ఆదివారం నాటకాలు రేడియోలోంచి టేప్ చేసుకునేవారు. ఆయన పోయాక ఆ అట్టపెట్టె అటక మీదే ఉండిపోయింది. మొన్న దించి చూస్తే కొన్ని క్యాసెట్లకి తెల్లగా బూజు పట్టింది. బాగున్నది ఒకటి పెట్టి వింటే మధ్యలో ఒరియా మాటలు, గరగర, ఇంట్లోవాళ్ల కేకలు. అవన్నీ తీసేసి శుభ్రంగా కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: బూజు పట్టినవాటిని ప్లేయర్లో పెట్టకమ్మా. ఒక్కటి పెట్టినా ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి, రబ్బరు రోలర్‌కి అంటుకుని, తరవాత పెట్టే మంచి క్యాసెట్లకి పాకుతుంది. వాటిని విడిగా తీసి, ఎండ తగలని పొడి చోట ఉంచు. కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు, వాటి ఆవిరికి క్యాసెట్ పెట్టెల ప్లాస్టిక్ మెత్తబడి జిగురెక్కుతుంది. బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుందని ఎవరో చెప్పారని రాశావు. బియ్యం పిండి టేపులోకి పోతుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు చాలు.

మంచివాటితో మొదలుపెట్టు. క్యాసెట్ వీపు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, ముందు అవి విరిచెయ్యి. ఇక ఎవరి వేలు పొరపాటున రికార్డు బటన్ మీద పడినా నాన్నగారి టేపు చెరగదు. తరవాత ప్లే నొక్కకుండా ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి తిప్పు. ఏళ్ల తరబడి కదలక బిగుసుకున్న చుట్టలు వదులవుతాయి. సీ-60, అంటే గంట క్యాసెట్, ధైర్యంగా తిప్పొచ్చు. రెండు గంటల సీ-120 ఉంటే నెమ్మది, దాని టేపు సీ-60లో సగం మందమే, లాగితే సాగిపోతుంది.

హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు. సెంటు, కిరసనాయిలు పనికిరావు. అప్పటికీ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటే టేపు పాడైందని అనుకోకు. హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. నాన్నగారి టేప్‌రికార్డర్ హెడ్ ఏ వాలులో రాసిందో నీ ప్లేయర్ హెడ్ ఆ వాలులోనే చదవాలి. మరని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ ‘శ’, ‘ష’, ‘స’ మీద చెవి పెట్టు. ఉషశ్రీ గారి ప్రవచనమైతే మరీ సుళువు, ‘శ్రీరామచంద్రుడు’ అన్నప్పుడు ఆ ‘శ్రీ’ పదునుగా పలికిందంటే మర సరైన చోట ఉన్నట్టే. వేరే మెషీన్ మీద చేసిన క్యాసెట్ వస్తే మళ్లీ తిప్పాల్సిందే.

ఎక్కించేటప్పుడు స్పీకరు ముందు సెల్‌ఫోన్ పెట్టి రికార్డు చెయ్యడం చాలామంది చేస్తున్న పని. అలా చేస్తే ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటోలు అన్నీ కలిసి ఎక్కుతాయి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి గానీ లైన్ అవుట్ నుంచి గానీ వైరు వేసి కంప్యూటర్‌కి కలుపు. వేవ్ ఫైలుగా దాచు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెడితే గంటకి సుమారు 300 ఎంబీ అవుతుంది, ఈ రోజుల్లో అదేం లెక్క? వాట్సాప్‌లో చుట్టాలకి పంపడానికి ఎంపీ3 వేరే చేసుకో. అసలు ఫైలు ఇంట్లో ఒక డిస్క్‌లో, ఇంకో కాపీ వేరే ఊళ్లో అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో ఉండాలి.

ఇక ‘శుభ్రంగా’ అన్నావు చూడు, నాకు పేచీ అక్కడే. నా బల్ల మీదకి కాశీనగర్ నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. ఎ సైడు మొదట్లో కటక్ స్టేషన్ ఒరియా వ్యవసాయ కార్యక్రమం తోక, రెండు మూడు వాక్యాలు. ఎవరో బిరడా తిప్పారు, కీచుమని ఈల, మధ్యలో ఏదో హిందీ పాట ముక్క, అంతలో తెలుగు అనౌన్సరు గొంతు తేటగా ‘ఆకాశవాణి, విజయవాడ కేంద్రం’ అంది. నాటకం సగంలో ఉండగా ఒక చిన్నపిల్ల ‘ఏటి నాన్నా, ఆలు కొట్టుకుంతన్నారా?’ అని అడిగింది, ‘ఉష్’ అన్నారెవరో. దూరంగా గుణుపురం బుల్లి రైలు కూత. ఆ లైనులో నారోగేజి పోయి బ్రాడ్‌గేజి పడింది, ఆ కూత ఇప్పుడు కావాలంటే ఆ క్యాసెట్లోనే ఉంది. తెచ్చినాయన కూడా నీలాగే ‘చెత్తంతా తీసెయ్యండి’ అన్నాడు. చెత్తంటే ఏదండీ అని నేను తిరగబడ్డాను.

ఆ ఒరియా ముక్క ఉండబట్టే అది మన వైపు ఇంట్లో పట్టిన ప్రసారమని తెలుస్తుంది. అనౌన్సరు మాట వల్ల ఏ స్టేషనో తెలుస్తుంది. నాటకం చివర ‘ఇందులో పాల్గొన్నవారు’ అని పేర్లు చదివేవారు, చాలామంది నటుల పేర్లు దొరికేది ఆ అర నిమిషంలోనే. టేపు ఖరీదైన రోజుల్లో స్టేషన్లలో స్పూళ్లు చెరిపి వాటి మీదే మళ్లీ రికార్డు చేసేవారు. సూటిగా ప్రసారమై గాలిలో కలిసినవీ చాలా ఉన్నాయి. అందుకని మీ నాన్నగారి పెట్టెలో ఉన్నది స్టేషన్లో కూడా లేకపోవచ్చు. గరగర తగ్గించే సాఫ్ట్‌వేర్లు వాడుకో, నేను వద్దనను, కాని వినడానికి చేసుకున్న కాపీ మీద. అసలు ఫైలు మీద కత్తెర పడకూడదు. నాన్నగారు అట్ట మీద రాసిన చేతిరాతని కూడా ఫోటో తీసి ఫైలు పక్కనే పెట్టు.

బూజువాటి సంగతి చివరికి. ఐదు మరలున్న క్యాసెట్ అయితే విప్పొచ్చు, అతికించినదైతే టేపు చుట్ట తీసి కొత్త క్యాసెట్ డొల్లలోకి మార్చాలి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పెరట్లో కూర్చుని, మెత్తని పొడి బ్రష్‌తో చుట్ట అంచుల మీద దులపాలి. చేతి వణుకున్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు, అలవాటున్న మెకానిక్‌కి ఇవ్వండి.

ప్రశ్న: అలా ఎక్కించిన నాటకాలు నేను యూట్యూబులో పెడితే తప్పా? పది మందీ వింటారు కదా.
– గుణుపురం నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి

జవాబు: మీ ఇంట్లో వినడానికి కాపీ చేసుకోవడంలో చిక్కు లేదండి. నలుగురికీ పెట్టడం వేరే సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసారం మీద స్టేషన్‌కి ఉండే హక్కు 25 ఏళ్లు. 1985 నాటకం మీద అది తీరిపోయిందని మీరు సంతోషించవచ్చు. కాని లోపల ఇంకా వేరే హక్కులున్నాయి. నటులకి, గాయకులకి 50 ఏళ్లు. రచయితకి బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఆయన నాటకం అందరిదీ. దాన్ని రేడియోకి కుదించి రాసినవారి హక్కు మాత్రం విడిగా ఉంటుంది. అందుకే నేనైతే పెట్టను. ఏ తేదీన ఏ ప్రసారం నా దగ్గరుందో జాబితా రాసి, ఆ స్టేషన్‌కి ఉత్తరం పెడతాను, కాపీ కావాలంటే ఇస్తానని. ప్రసార భారతి ఆర్కైవ్స్ వాళ్లే పాత రికార్డింగులు కొన్ని యూట్యూబులో పెడుతున్నారు, ముందు అక్కడ ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: చిన్నప్పుడు రాయగడలో పగలు విజయవాడ స్టేషన్ కోసం ఎంత తిప్పినా గాలి చప్పుడే. దీపాలు పెట్టే వేళ దాటితే అదే రేడియోలో ఖణీమని పలికేది. మా తాతగారు ‘పగలు వాళ్లు చిన్నగా మాట్లాడతారు’ అనేవారు. అసలు కారణమేమిటి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తాతగారి మాట బాగుంది. మీడియం వేవ్ పగలు నేల వెంబడి నడుస్తుంది, దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. పైకి పోయిన తరంగాన్ని 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఎండ వల్ల ఏర్పడే ఒక పొర పీల్చేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరల దాకా పోయి, అక్కడ వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అలా వచ్చేవే మనకి 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ, 738 మీద హైదరాబాదు. ఒక్కోసారి గొంతు కెరటంలా లేచి పడుతుంది, వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసేచోట జరిగే పని అది. మన పర్లాకిమిడికి 927 విశాఖపట్నం పగలు కూడా అందేది, ఆ లెక్కన మేం అదృష్టవంతులం. మీకు జయపురం 1467 దగ్గర.

ఇప్పుడు అదే సెట్టు పెడితే రాత్రి కూడా గరగరే అని రాశారు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపి చూడండి, దోషం సగం వాటిదే. ట్రాన్సిస్టర్‌ని ఉన్నచోటే నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. లోపల ఫెరైట్ కడ్డీ ఉంటుంది, దాని కొస స్టేషన్ వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది, అడ్డంగా ఉంటే పెరుగుతుంది. రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఈ ఉపాయంతో అక్కర్లేనిదాన్ని నొక్కెయ్యొచ్చు. ఐతే చాలాచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపేస్తూ వస్తున్నారు. ఏం చేసినా పలకకపోతే సెట్టుని తిట్టకండి.

ప్రశ్న: తాతగారి వాల్వు రేడియో దొరికింది. దసరాకి చుట్టాలందరి ముందు ప్లగ్గు పెట్టాలని ఉంది. ఒక బిరడా ఊడిపోయింది, అంతకుమించి ఏ లోపమూ లేదు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: పెట్టకు బాబూ. ఏళ్ల తరబడి కరెంటు చూడని కెపాసిటర్లు లీకవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మేమైతే ముందు పాత గుండ్రటి బల్బు ఒకటి సిరీస్‌లో వేసి ఇస్తాం. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు. పైగా కొన్ని ఏసీ-డీసీ సెట్లలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, చాసిస్‌కి, అంటే లోపలి ఇనప చట్రానికి, మెయిన్ కరెంటు నేరుగా తగిలి ఉంటుంది. ఊడిన బిరడా చోట మిగిలిన ఇనప కడ్డీని పిల్లలెవరైనా పట్టుకుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. దసరాకి తుడిచి బొట్టు పెట్టి బల్ల మీద పెట్టుకో. పండగయ్యాక వాల్వు సెట్లు తెలిసినవాడికి చూపించు.

ప్రశ్న: మా నాన్న ఎప్పుడూ పాత రేడియో నాటకాల గొప్పలు చెబుతారు. బొమ్మ లేకుండా గంటసేపు ఎలా విన్నారండీ? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మా ఊరి అమ్మాయివి కాబట్టి నిజం చెబుతాను. నాటకంతో మొదలుపెడితే నిద్రపోతావు. ముందు చిన్నవి విను. హైదరాబాదు కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు కబుర్లు దొరికితే విను, పక్కింటివాళ్లు గోడ మీంచి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యగా నడిపిన బాలానందం రికార్డింగులు విను. పొద్దున్న వంట చేసుకుంటూ విజయవాడ భక్తిరంజని పెట్టుకో. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటి వాళ్లు ఆ స్టేషన్లో పనిచేసిన రోజుల నిగ్గు ఆ పాటల్లో ఉంది.

సినిమా శబ్దాన్నే కుదించి వేసే సంక్షిప్త శబ్దచిత్రం మాత్రం మీ నాన్న ఎంత చెప్పినా ముందు వద్దు. సినిమా చూసి ఉన్నవాళ్లకే అది రుచిస్తుందని నా అభిప్రాయం. దీనికి నాకు తిట్లు వస్తాయి, రానీ.

నాటకానికి వచ్చేసరికి ఫోన్ బోర్లా పెట్టి, దీపం తగ్గించి విను. గుర్రం వస్తుంటే కొబ్బరి చిప్పలు, ఉరుముకి రేకు ఊపడం, మంటకి కరకరలాడే కాగితం నలపడం, స్టూడియోలో జరిగేది అంతే. అడుగుల చప్పుడు దూరమైతే మనిషి మైకు నుంచి వెనక్కి నడిచాడన్నమాట. అది గమనించడం మొదలైందంటే ఇక నిన్ను ఎవరూ ఆపలేరు. విజయవాడ, విశాఖపట్నం స్టేషన్ల ఇప్పటి ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తాయి, మన ఊళ్లో సిగ్నల్ ఉన్నంతసేపూ.

ప్రశ్న: మా దగ్గరున్న ఒక టేపు మొదట్లో ఆకాశవాణి ట్యూన్ ఉంది, మాటలేవీ లేవు. ఆ ట్యూన్ ఎవరిది?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడిది. అప్పటి చెకోస్లొవేకియా నుంచి 1930ల్లో బొంబాయి వచ్చి, అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసుకున్నాడు. వినగానే మన చెవికి శివరంజని తడుతుంది. ప్రసారం తెరిచే ముందు వేసే ట్యూన్ కాబట్టి, మీ టేపు మీద తేదీ లేకపోయినా వేళ పట్టుకోవచ్చు. వెనకాల కోడి కూసిందా, కాకులు అరుస్తున్నాయా విని, అట్ట మీద పెన్సిలుతో ‘పొద్దుటి ప్రసారం’ అని రాయండి. సిరా పెన్ను వద్దు, ఇక్కడి తేమకి సిరా పాకుతుంది.